మంచుదేశానికి ప్రయాణ ప్రార్థన

ఆ శనివారం ఉదయం వినీల వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇడ్లీ తినేసి, అత్తమామలతో కలిసి పాస్టరుగారి బంగళాకి వెళ్ళి, ఒక ప్రయాణ ప్రార్థన చేయించుకుని, అటునుంచి అటే బస్సెక్కి రాజమండ్రిలో రెండు జర్కిన్లు కొనుక్కోవాలి. అంతే. కొత్తగా పెళ్ళయిన మనిషి కాబట్టి ఆమెకి ఆ ఉదయం అన్నీ ముచ్చటగానే కనిపించాయి. వేడి ఇడ్లీ మీద నెయ్యి కరగడం ముచ్చటే. మొగుడు ఆరోన్ చొక్కా గుండీలు ఒకటి తప్పించి పెట్టుకోవడం ముచ్చటే. వాళ్ళ పాత స్కూటరు మూడో తన్నుకే స్టార్టవడం మరీ ముచ్చట.

నిడదవోలులో రిటైరైన హెడ్మాస్టరు, లూథరన్ చర్చికి సంఘపెద్ద అయిన ముసలయ్య గారి కోడలు వినీల. ఆ ఇంట్లో క్రిస్మస్ అంటే డిసెంబరు పడగానే కొవ్వూరు మేనత్తలు, తణుకు పిన్నత్తలు, వాళ్ళ పిల్లలు, ఆ పిల్లల స్నేహితులు చాపలు పరుచుకుని దిగిపోతారు. కొత్త కోడలి మొదటి క్రిస్మస్ అయితే ఇక చెప్పనే అక్కర్లేదు. కేరల్స్ పాడుతూ వచ్చిన ప్రతి జట్టుకీ ఆమే టీ ఇవ్వాలి, ఆమే కేకు కోయాలి, కట్టుకున్న చీర ఏ షాపులోదో ఆమే చెప్పాలి. పెళ్ళయిన దగ్గర్నుంచి మొగుడితో ఒక్క మాట పూర్తిగా మాట్లాడిన గుర్తు లేదు వినీలకి. మాట సగంలో ఉండగా ఎవరో ఒక అత్త జంతిక నములుతూ వచ్చి మంచం అంచున కూర్చునేది.

అందుకే ఈసారి క్రిస్మస్ ఇద్దరే చేసుకోవాలని వినీల పట్టుపట్టింది. ఆరోన్ మిషను స్కూల్లో సైన్సు టీచరు. సెలవులు ఎలాగూ ఉన్నాయి. వెతగ్గా వెతగ్గా కజకిస్తాన్‌లో ఆల్మటీ అనే ఊరు దొరికింది. వీసా అక్కర్లేదు, మంచు కురుస్తుంది, అత్తలు ఉండరు. చర్చిలో పశువుల పాక బొమ్మ మీద అతికించే దూది తప్ప వేరే మంచు ఎరగని వినీల ఆ రాత్రే ఆరోన్ చేత టికెట్లు కొనిపించేసింది.

అడ్డం పడ్డది ముసలయ్య గారు.

"క్రిస్మస్ పూట చర్చి వదిలేసి షికారుకా? మన ఇంటా వంటా లేదు," అన్నారాయన. వారం రోజులు కోడలు బతిమాలాక చివరికి ఒక మెట్టు దిగారు. "సరే. అయ్యగారు ప్రార్థన చేసి పంపిస్తే వెళ్ళండి."

అయ్యగారంటే పాస్టరు రాజ్ కుమార్ గారు. క్రిస్మస్ ఆరాధనకి రానివాళ్ళని ఈస్టరు దాకా గుర్తుపెట్టుకునే మనిషి. ఆయన చస్తే ఒప్పుకోరని ముసలయ్య గారి ధీమా.

"ఏం బాబూ, ఎక్కడికీ ప్రయాణం?" శనివారం నలుగురూ బంగళా మెట్లెక్కగానే అయ్యగారు అడిగారు.

"కజకిస్తాన్ అండి. మంచుదేశం అండి. అక్కడ... క్రిస్మస్..." ఆరోన్ నసిగాడు. తండ్రి పక్కనుంటే అతనికి ఏ వాక్యమూ చివరిదాకా రాదు.

అయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తన ఉద్యోగంలో క్రిస్మస్‌కి ఊరు వదిలిన వాళ్ళని ఆయన రెండు రకాలే చూశారు. ఆసుపత్రికి మోసుకెళ్ళినవాళ్ళు, సువార్త చెప్పడానికి వెళ్ళినవాళ్ళు. ఎదురుగా ఉన్న జంట నిగనిగలాడుతూ నిమ్మపండ్లలా ఉన్నారు. అంటే రెండో రకమే.

"ప్రార్థన చేద్దాం," అన్నారు గంభీరంగా.

అందరూ తలలు వంచి కళ్ళు మూసుకున్నారు. అయ్యగారు మొదట రైలుని దీవించారు, తరవాత విమానాన్ని, దాన్ని నడిపేవాణ్ణి. అంతవరకూ బాగానే ఉంది. ఆ పైన ఆయన గొంతు మారింది. "ప్రభువా, సొంత ఇంటి పండగని త్యాగం చేసి, మంచులో గడ్డకట్టిన హృదయాల మధ్య నీ సువార్త ప్రకటించడానికి బయలుదేరిన ఈ పడుచు దంపతులని..."

వినీల ఒక కన్ను తెరిచింది. ఆ ఊళ్ళో ఎవరి మాటకైనా అడ్డు వెళ్ళొచ్చు. మీటింగులో ఎమ్మార్వోకి అడ్డు వెళ్ళొచ్చు, పెళ్ళిలో పెళ్ళికొడుక్కి అడ్డు వెళ్ళొచ్చు. ప్రార్థన చేసే మనిషికి మాత్రం అడ్డు వెళ్ళకూడదు. గత్యంతరం లేక మొగుణ్ణి మోచేత్తో పొడిచింది, ఏదో ఒకటి చెయ్యండి అన్నట్టు. ప్రార్థన అయిపోయిందని తనని హెచ్చరిస్తోంది కాబోలనుకున్న ఆరోన్ "ఆమేన్!" అన్నాడు. పెళ్ళిరోజు ప్రమాణం చేసినప్పుడు కూడా అతని గొంతు అంత గట్టిగా పలకలేదు.

కళ్ళు తెరిచేసరికి ముసలయ్య గారు ఏడుస్తున్నారు.

"ఒరే ఆరోనూ! ఇంత మాట నా దగ్గర దాచావేంట్రా? షికారు అని చెప్పావేంట్రా?"

"అది కాదు నాన్నగారండీ..."

"నువ్వు మాట్లాడకు. గొప్పలు చెప్పుకోకూడదని దాచావు. తెలుసు నాకు. నా పెంపకం కదా!"

అత్తగారు సూరమ్మ గారు కోడలి బుగ్గలు రెండూ పుణికారు. "నా బంగారమే! నీకు మంచు పిచ్చి అనుకున్నానే అమ్మాయ్, క్షమించు."

రాజమండ్రి బస్సులో మొగుడూ పెళ్ళాలు ఒకే సీట్లో ఇరుక్కుని కూర్చున్నారు.

"ఏవండీ, నిజం చెప్పేద్దామా?"

"నాన్నగారికా? నువ్వు చెప్పు."

"నేనా? కొత్త కోడల్ని. మీరే చెప్పండి."

"నేను పాత కొడుకుని. నాకింకా కష్టం."

"పోనీలెండి. వెళ్ళమన్నారుగా, మనక్కావలసింది అదేగా," అంది వినీల. ఆ తరవాత షాపులో వంకాయరంగు జర్కిను ఒకటి అచ్చం ఆమె కొలతలకే కుట్టినట్టు దొరకడంతో, ఆ సంతోషంలో మిగతాదంతా మర్చిపోయింది.

సంఘం మర్చిపోలేదు. ఆదివారం ప్రకటనల్లో వాళ్ళ పేర్లు చదివారు. సోమవారం నుంచి స్త్రీల సమాజం సూరమ్మ గారి పెరట్లో పొయ్యిలు పెట్టి అరిసెలు, జంతికలు వండటం మొదలుపెట్టింది. మంచుదేశపు ఆత్మలకి ఆవకాయ రుచి చూపించాలని ఎవరికి తట్టిందో గానీ పెద్ద సీసా నిండా అదీ వచ్చింది. ఊళ్ళో ఉన్న మంకీ క్యాపులన్నీ కానుకగా వచ్చేశాయి. ఆ చలికాలం నిడదవోలులో ముసలివాళ్ళందరూ చెవులకి తువ్వాళ్ళు చుట్టుకుని తిరిగారు. స్టేషను ఎదురుగా ఫ్లెక్సీ వెలిసింది. అందులో రిసెప్షన్ పట్టుబట్టల్లో వినీల, ఆరోన్ మంచుకొండల ముందు నిలబడి ఉన్నారు. ఫ్లెక్సీ షాపువాడు తన వంతు సేవగా వాళ్ళ పక్కన ఒక తెల్ల ఎలుగుబంటిని కూడా పెట్టాడు. ఎలుగుబంటికి చేతిలో బైబిలు లేదన్న మాటేగానీ, మొహంలో భక్తి ఉంది.

ప్రయాణం రోజు రానే వచ్చింది. విజయవాడ వెళ్ళే రైలు నిడదవోలులో రెండు నిమిషాలే ఆగుతుంది. రైలు కనుచూపు మేరలోకి వచ్చినప్పుడు అయ్యగారు ప్లాట్‌ఫాం మీద ప్రార్థన ఎత్తుకున్నారు. రైలు వచ్చి ఆగినా ఆయన ఆగలేదు. జనం కళ్ళు మూసుకునే సామాన్లు ఎక్కించారు, కళ్ళు మూసుకునే జంటని తోశారు. టీసీ కూడా ఎందుకైనా మంచిదని టోపీ తీసి నిలబడ్డాడు. రైలు కదులుతుండగా అయ్యగారి గొంతు పెరిగింది. "ప్రభువా, క్రిస్మస్ ఉదయం మేము ఆరాధనలో ఉండగా, ఆ దేశపు నీ బిడ్డలు వీరితో కలిసి పాడే పాటని మాకు పెద్ద తెరమీద ప్రత్యక్షంగా చూపించుము!"

"ఆమేన్!" ప్లాట్‌ఫాం దద్దరిల్లింది. తలుపు దగ్గర వేలాడుతున్న ఆరోన్ కూడా అలవాటుకొద్దీ అనేశాడు.

ఆల్మటీలో మొదటి రెండు రోజులూ వినీలకి ఈ లోకం పట్టలేదు. మంచు నిజంగానే కురిసింది. దూదిలా లేదు, అంతకంటే పల్చగా, అంతకంటే అల్లరిగా ఉంది. నాలుక చాచి పట్టుకుంటే ఇట్టే మాయమైపోతోంది. "నోట్లోంచి పొగ వస్తోంది చూడండి! అచ్చం మన స్కూటరే!" అని కేరింతలు కొట్టింది. ఇద్దరూ ఒక బెంచీ మీద కూర్చుని, మొదలుపెట్టిన మాట చివరిదాకా మాట్లాడుకున్నారు. మధ్యలో ఎవరూ వచ్చి కూర్చోలేదు. అదే ఆమెకి మంచుకంటే అద్భుతంగా తోచింది.

మూడో రోజు హోటలు కౌంటర్లో ఉన్న అమ్మాయిని వినీల ఫోన్లో అనువాదం చేయించి అడిగింది. "ఊరంతా ఎంత బాగా అలంకరించారు! క్రిస్మస్ ఎక్కడ బాగా చేస్తారు?"

"అవి కొత్త సంవత్సరం చెట్లు," అంది ఆ అమ్మాయి. "ఇక్కడ క్రిస్మస్ చేసుకునేవాళ్ళలో చాలామందికి అది జనవరి ఏడున."

"మరి డిసెంబరు ఇరవై ఐదు?"

ఆ అమ్మాయి క్యాలెండరు చూసి చెప్పింది. "గురువారం."

ప్రపంచంలో ఇన్ని దేశాలుండగా, క్రిస్మస్ చేసుకోవడానికి అది మామూలు గురువారంగా ఉండే ఊరిని ఏరి మరీ ఎంచుకున్నామని తెలిసి వినీల పొట్ట పట్టుకుని నవ్వింది. ఆరోన్ నవ్వలేదు. ఆ రోజున పండగ చేసుకునే చర్చీలు లేకపోలేదు గానీ, వాకబు చేస్తే ఆరాధన సాయంత్రం అన్నారు. నిడదవోలులో తెర ఉదయమే వెలుగుతుంది.

సరిగ్గా అప్పుడే తండ్రి ఫోను. ఆరోన్ స్పీకరు పెట్టాడు. "ఒరే, ఎల్ఈడీ తెర తెప్పించాం. పక్క సంఘాలవాళ్ళనీ పిలిచాం. అక్కడ జనం బాగా ఉన్నారా?"

ఆరోన్ కిటికీలోంచి వీధిలోకి చూశాడు. "బాగానే ఉన్నారండి."

"పాటలు నేర్పుతున్నావా?"

"వీలు చూసుకుని..."

"నాకు తెలుసురా," అన్నారు ముసలయ్య గారు. "నలభై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పాను. ఎవడూ నన్ను పెద్దగా తలుచుకోలేదు. రేపు తెరమీద నిన్ను చూసి ఊరంతా నా కొడుకు అంటుంది."

ఫోను పెట్టేశాక వినీల నవ్వు ఆగిపోయింది.

వాళ్ళని గట్టెక్కించింది ఆవకాయ. గదిలో వాసనేంటని హోటలువాళ్ళు కనుబొమలు ఎగరేసినప్పటి నుంచి ఆ సీసా వినీల భుజాన సంచిలోనే తిరుగుతోంది. ఆ మధ్యాహ్నం బస్సు మలుపు తిరిగినప్పుడు మూత వదులై, నూనె సంచిలోంచి కారింది. బస్సులో జనం ముక్కులు మూసుకున్నారు. వెనక సీట్లోంచి ఒక పెద్ద కోటు మాత్రం గబుక్కున లేచి నిలబడింది.

"అక్కా! ఆవకాయేనా?"

కోటు లోపల ఉన్నది పిఠాపురం లోవలక్ష్మి. అక్కడ డాక్టరు చదువు చదువుతోంది. పరీక్షలు దగ్గర్లో ఉన్నాయని ఇంటికి వెళ్ళలేదు. ఆమెలాంటి తెలుగు పిల్లలు హాస్టల్లో చాలామందే ఉన్నారు.

"పప్పునూనేనా అక్కా?" అని అడుగుతుంటే ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కారం వల్ల మాత్రం కాదు.

వినీల ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. "చెల్లీ, అరిసెలు కూడా ఉన్నాయి. జంతికలు ఉన్నాయి. క్రిస్మస్ పొద్దున్న మీరందరూ వచ్చి ఒక్క పాట పాడి పెట్టాలి."

"మాలో క్రిస్టియన్లు ఇద్దరే అక్కా."

"ఫర్వాలేదు."

"వాళ్ళకీ పాటలు రావు."

"నేర్పుతాను."

"అయితే సరే. భక్తి తలా ఒక రకం గానీ, ఆకలి అందరిదీ ఒకటే అక్కా," అంది లోవలక్ష్మి.

ఒక్కటే నియమం పెట్టింది వినీల. ఎవరూ మొహం చూపించకూడదు. ఆ చలికి అది చెప్పాల్సిన పని కూడా లేదు.

గురువారం ఉదయం, చెక్కతో కట్టిన పాత చర్చి ఒకటి వెనకాల కనపడేలా, పార్కులో పిల్లలందరూ బారులు తీరారు. కోట్లు, మఫ్లర్లు, నిడదవోలు మంకీ క్యాపులు. కళ్ళు తప్ప ఏమీ కనపడటం లేదు. ఆరోన్ ఫోను పట్టుకున్నాడు. వినీల చేతిలో పిండివంటల డబ్బా. ఫోను తెరలో నిడదవోలు చర్చి కిటకిటలాడుతోంది. ముందు వరసలో మైకు పట్టుకుని కోటు వేసుకున్న ముసలయ్య గారు, పక్కన చెయ్యి ఊపుతున్న సూరమ్మ గారు.

"ప్రియ సంఘమా! ఇదిగో, మంచుదేశపు మన సహోదరులు!" అన్నారు ముసలయ్య గారు.

పిల్లలు పాట ఎత్తుకున్నారు. ఆదివారపు బడిలో పసిపిల్లలకి నేర్పే చిన్న పాట. ముందు వరసలో పొడుగ్గా ఉన్నవాడు శ్రుతి తప్పినా ఆగలేదు. పాట అయిపోయిందో లేదో, నిడదవోలులో ఒక్కసారిగా "స్తోత్రం!" అని హోరు.

"తెలుగు! తెలుగులో పాడారు!"

"నాలుగు రోజుల్లో నేర్పేశారంటే!"

"మన కాన్వెంటు పిల్లలకి పదేళ్ళు చెప్పినా గుణింతం రావడం లేదు కదండీ!"

ముసలయ్య గారు మైకు పట్టుకునే, కళ్ళజోడు తీసి కండువాతో తుడుచుకుంటూనే ఉన్నారు. ఇంత చిన్న ఫోనులో కూడా వినీలకి అది స్పష్టంగా కనపడింది. ఆ చలిలో ఆమె మొహం వేడెక్కిపోయింది.

"ప్రార్థన చేద్దాం," అన్నారు అయ్యగారు.

చర్చి మొత్తం కళ్ళు మూసుకుంది. అయ్యగారు ఆదికాండం నుంచి మొదలుపెట్టి మెల్లగా నడుస్తున్నారు. ఇక్కడ పిల్లల కాళ్ళు కొయ్యబారుతున్నాయి. ఎదురుగా మూత తీసిన డబ్బా. ముందు వరస పొడుగువాడు అటూ ఇటూ చూశాడు. అవతల ఒక్క కన్ను కూడా తెరిచి లేదు. మఫ్లరు దించి ఒక జంతిక తీసుకున్నాడు. వాణ్ణి చూసి పక్కవాడు. ఇంకో నిమిషంలో మంచుదేశపు విశ్వాసులందరూ మొహాలు తెరిచి నములుతున్నారు. వద్దు వద్దని వినీల చెయ్యి ఊపుతూనే ఉంది. కరకర చప్పుడు ఫోన్లోంచి వెళ్ళి నిడదవోలు చర్చి స్పీకర్లలో మోగింది. అయ్యగారు నెట్‌వర్కు బాగాలేదనుకుని గొంతు పెంచారు.

సూరమ్మ గారికి మాత్రం ఆ చప్పుడు బాగా తెలుసు. తను వాము వేసి, వెన్న వేసి, దగ్గరుండి వేయించిన జంతిక అది. ఆవిడ కళ్ళు తెరిచారు.

ఆమేన్ అనేసరికి ఇక్కడ మఫ్లర్లన్నీ ఎవరి మొహాల మీదికి అవి వెళ్ళిపోయాయి. కానీ సూరమ్మ గారు మొగుడి చేతిలోంచి మైకు లాక్కున్నారు. "ఏం బాబూ, ఆ పొడుగబ్బాయ్! జంతికలు మెత్తబడలేదు కదా?"

అమ్మలా అడిగిన ప్రశ్నకి వాడి నోరు దానంతటదే తెరుచుకుంది. "ఆయ్, లేదండి! కరకరలాడుతున్నాయండి. మా అమ్మ చేసినట్టే ఉన్నాయండి."

చర్చిలో చంటిపిల్లలు కూడా ఏడవడం మానేశారు. వినీల డబ్బా కింద పెట్టి, మఫ్లరు తీసేసి, ఫోను ముందుకి వచ్చింది.

"మావయ్యగారూ, తప్పు నాదండి. మేము సువార్తకి రాలేదండి. మంచు చూద్దామని వచ్చామండి. మొదటి పండగ ఇద్దరమే చేసుకుందామని నేనే పట్టుపట్టానండి. అయ్యగారి ప్రార్థనకి అడ్డు చెప్పలేకపోయామండి. వీళ్ళందరూ మన పిల్లలేనండి, ఇక్కడ చదువుకుంటున్నారు."

అయ్యగారు తన చేతిలో ఉన్న పాటల పుస్తకంలో దేనికోసమో దీక్షగా వెతకసాగారు. ముసలయ్య గారు కళ్ళజోడు సరిగ్గా పెట్టుకుని తెరకేసి చూశారు. ఆయన వెనక పక్క సంఘాల పెద్దలు ఒకళ్ళనొకళ్ళు మోచేతులతో పొడుచుకుంటున్నారు.

ముసలయ్య గారు మైకు అందుకుని పొడుగువాణ్ణి అడిగారు. "ఏ ఊర్రా నీది?"

"మొగల్తూరండి. బుల్లిరాజండి."

"మొగల్తూరులో ఎవరబ్బాయివి?"

"చేపల వేటకెళ్ళే అబ్బులు గారి అబ్బాయినండి."

"అబ్బులా? ఎడమచేత్తో రాసేవాడు?"

"ఆయ్, ఆయనేనండి. మీరు... మా ఊరి బళ్ళో పనిచేసిన ముసలయ్య మాస్టారా అండి? మా నాన్న ఇప్పటికీ చెప్తాడండి. పడవ మీద వెళ్ళిపోతుంటే రేవులోంచి వెనక్కి లాక్కొచ్చి బళ్ళో కూర్చోబెట్టారంట కదండీ! మీరు కొట్టకపోతే నన్ను చదివించేవాడిని కాదంటాడండి."

ముసలయ్య గారు సంఘం వైపు తిరిగారు. వెన్ను నిటారుగా అయింది. "విన్నారా? నా శిష్యుడి కొడుకు! మంచుదేశంలో డాక్టరు చదువుతున్నాడు! మా అబ్బాయి వెళ్ళబట్టే కదా తెలిసింది!"

అంతే, కట్టలు తెగాయి. స్త్రీల సమాజం మొత్తం మైకు చుట్టూ మూగింది. నీదే ఊరమ్మా, పిఠాపురంలో ఏ వీధి, అన్నం దొరుకుతోందా, ఎంత చిక్కిపోయారో, ఆ పక్కనున్న పిల్ల పెళ్ళయిందా. బుల్లిరాజు మూడు వరసల్లో మేనల్లుడిగా తేలాడు. ఆరాధన క్రమం రాసిన కాగితం ఎటు ఎగిరిపోయిందో ఎవరూ చూడలేదు.

"ఇంతమంది పిల్లలు పండక్కి తల్లుల దగ్గర లేకుండా..." సూరమ్మ గారు కళ్ళొత్తుకున్నారు. "వచ్చే ఏడు వీళ్ళకి ఎవరు వండిపెడతారు?"

అయ్యగారికి పాటల పుస్తకంలో వెతుకుతున్నది దొరికింది కాబోలు, తల ఎత్తారు. "ప్రార్థన చేద్దాం," అన్నారు. వచ్చే క్రిస్మస్‌కి స్త్రీల సమాజం, పాటల బృందం, సంఘపెద్దలు, తానూ, తన కుటుంబమూ పొయ్యిలతో సహా ఆ దేశం వెళ్ళి ఈ బిడ్డలకి వండి పెట్టేలా నడిపించమని వేడుకున్నారు. చర్చి ఆమేన్ అంది. ఆ ఆమేన్‌కి ఫోను అవసరం లేదు, ఊరికే గాలివాటున వచ్చినా ఆల్మటీకి వినపడేది.

సాయంత్రం మంచులో నడుస్తుంటే ఆరోన్‌కి మళ్ళీ ఫోను వచ్చింది. మాట్లాడి బెంచీ మీద కూలబడ్డాడు.

"నాన్నగారు అప్పుడే గ్రూపు టికెట్లకి బేరం పెట్టారట. కొవ్వూరు మేనత్తలు పాస్‌పోర్టులకి ఫొటోలు దిగారట. తణుకు వాళ్ళూ వస్తారట. మొత్తం సంఘమే కదిలి వచ్చేస్తోంది వినీ. మనిద్దరికీ ఇక ఎక్కడా చోటు లేదు."

వినీల అతని టోపీ మీద పడ్డ మంచు దులిపి పక్కన కూర్చుంది. సంతోషంగా అతని చెయ్యి పట్టుకుంది. "రానివ్వండి. మనం మాత్రం నిడదవోలులోనే ఉండిపోదాం. ఇంటికి ఎవరో ఒకరు కాపలా ఉండాలిగా."

వచ్చే డిసెంబరుకి నిడదవోలంత ఏకాంతమైన చోటు ఈ భూమ్మీద ఇంకెక్కడా దొరికేలా లేదు మరి.